జూలై ఆఖరి వారం

"పెద్ద కుక్కరు పట్టుకెళ్దాం. ఇడ్లీ రేకులూ అట్లపెనమూ కూడా రాసుకో నవీనా. అక్కడి పెనాలు మనకి పనికిరావు" అంది చంద్రకళ, సోఫాలో కూర్చుని వత్తులు చేసుకుంటూ.

నవీన చపాతీలు ఒత్తుతోంది. పద్నాలుగు అయ్యాయి, ఇంకో ఆరు కావాలి. అది సెప్టెంబరు మొదటి గురువారం సాయంత్రం. అత్తగారు మాట్లాడుతున్న ప్రయాణం వచ్చే జూలైది. పది నెలల పైన ఉంది. అయినా పట్టుకెళ్ళాల్సిన సామాను అప్పుడే ఫ్రిజ్ మీద అంటించిన కాగితం సగం దాకా వచ్చేసింది.

"మీ బావగారు వాళ్ళు నలుగురు, లండన్ నుంచి మీ ఆడపడుచు సుగుణ వాళ్ళు ముగ్గురు, మనం అయిదుగురం. కింద పరుపులు వేసుకుంటే సరిపోతుంది. అయినా వంటిల్లు ఇక్కడికన్నా ఎంత పెద్దదో. నీకు హాయి."

నీకు హాయి. అప్పడాల కర్ర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పన్నెండు మందికి, ఏడు రోజుల పాటు, పూటకి రెండు కూరలు. అది ఒక్క ఏడాదితో పోయేది కాదు. ఏటా జూలై ఆఖరి వారం, పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళు పూర్తయ్యేసరికి తనకి అరవై నాలుగు వస్తాయి.

ఐర్లండ్ కొసన కెర్రీ సముద్రతీరంలో, ఆ ప్రయాణం వెళ్ళాల్సిన రిసార్టుకి వాళ్ళు మొదట వెళ్ళింది ఆగస్టు చివర్లో. అత్తమామలు మూడు నెలల వీసా మీద కాకినాడ నుంచి వచ్చారు. వాళ్ళకి దేశం చూపించాలని నవీన భర్త త్రినాథ్ ఎక్కడో రెండు రాత్రుల ఉచిత బస పట్టుకొచ్చాడు. ఒక్కటే షరతు: భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని రెండు గంటల పాటు టైమ్‌షేర్ గురించి వినాలి. ఒక్కరే వస్తే గదికి డబ్బు కట్టాలి. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు త్రినాథ్ కారులో.

ఆ శనివారం పోలాల అమావాస్య. కంద మొక్క దొరక్క అత్తగారు చేమదుంపకే పసుపు రాసి పూజ చేసింది. నవీన పొద్దున్నే లేచి రిసార్టువాళ్ళిచ్చిన ఫ్లాటు వంటింట్లో బూరెలు వేయించింది. నూనె పొగకి సీలింగు మీది అలారం కూతపెట్టింది. పరిగెత్తుకుంటూ వచ్చిన సేల్స్‌మన్ డెక్లన్ సంగతి తెలుసుకుని నవ్వేశాడు. రెండు బూరెలు తిని "గ్రాండ్" అన్నాడు. తర్వాత ఆ రెండు గంటల్లో అతను బాల్కనీని త్రినాథ్‌కి చూపించాడు, సముద్రాన్ని మామగారు కృష్ణ మూర్తికి చూపించాడు, నాలుగు పొయ్యిలనూ డిష్‌వాషర్‌నూ నవీనకి చూపించాడు. ఇది ఇల్లు కొనడం కాదట, ఇంట్లో ఏటా ఒక వారం కొనడమట. మిగతా యాభై ఒక్క వారాలు వేరేవాళ్ళవి. నిర్వహణ ఖర్చు మాత్రం ఏటా కడుతూనే ఉండాలి.

నవీన ఒకే ఒక ప్రశ్న అడిగింది. "తర్వాత మాకు వద్దనిపిస్తే ఎలా బయటికి రావాలి?"

డెక్లన్ ఆ ప్రశ్న విని త్రినాథ్ వైపు చూశాడు. త్రినాథ్ నవ్వి, "మా ఆవిడ సాఫ్ట్‌వేర్ టెస్టర్. దేన్లో అయినా తప్పు కనబడితే గాని అన్నం సయించదు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మర్యాదకి నవీన కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె దవడల్లో రెండు రోజులు నొప్పిగా ఉండిపోయింది.

కొందామని తేల్చుకున్నాక అప్పు ఫారం త్రినాథ్ పేరుతోనే మొదలైంది. కంప్యూటర్ వంక చూసి డెక్లన్ గొంతు తగ్గించాడు. కారు లోను, కాకినాడలో కొన్న స్థలం లోను రెండూ త్రినాథ్ పేరు మీదే ఉన్నాయి. అప్పు మంజూరు కాలేదు. నవీన పేరు కొట్టి చూస్తే అర నిమిషంలో అయిపోయింది. అప్పుడే చంద్రకళ వీడియో కాల్‌లో పెద్దకొడుక్కి చెబుతోంది: "మన ఇంటి మహాలక్ష్మి నవీన పేరు మీద కొంటున్నాం రా. ఆడపిల్ల పేరు మీదైతే కలిసొస్తుంది." ఎందుకు ఆ పేరు మీద కొంటున్నారో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. డెక్లన్‌కీ త్రినాథ్‌కీ. నవీన మూడో మనిషి, కాని ఆమెని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

సంతకాలు అయ్యాక కృష్ణ మూర్తి అడ్డు చెప్పాడు. అమావాస్య నాడు దస్తావేజు చేతిలోకి తీసుకోవడమేమిటి? సోమవారం విదియ, దివ్యంగా ఉంది. తారీఖు సోమవారానిదే వేయించు, కాగితాలు కూడా ఆ రోజే పంపమను. త్రినాథ్ మొహమాటపడుతూ ఆ మాట డెక్లన్‌కి చెప్పాడు. డెక్లన్‌కి అర్థం కాకపోయినా ఒప్పుకున్నాడు. అమ్ముడుపోయే వస్తువుకి ఏ తారీఖైతే ఏం?

చపాతీల మర్నాడు, శుక్రవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ లువాస్‌లో నవీన కాంట్రాక్టు నీలం ఫైలు తెరిచింది. పొద్దున్నే ఇంట్లో ప్రెస్సులోంచి తీసి బ్యాగులో పెట్టుకుంది. అల్మరాని ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు, కూతురు ఆశ్రిత అనగా అనగా ఆమెకీ అదే అలవాటైంది. చెర్రీవుడ్‌లో ట్రామ్ ఎక్కి ఆఫీసు దగ్గర దిగేలోపు పంతొమ్మిది పేజీలు చదివింది. పద్నాలుగు రోజుల్లోపు కారణం చెప్పకుండా ఉపసంహరించుకోవచ్చని ఆఖరి పేజీలో ఉంది. అదే పేజీలో దానికొక ఫారం. నవీన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. సంతకం పెట్టింది శనివారం. రేపటితో గడువు తీరిపోతుంది.

భోజనం వేళ డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఆఫీసు కింద కాలువ గట్టున నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి గొంతు చాలా మృదువుగా ఉంది. "ఖాతా సంగతులన్నీ మీ ఆయనతోనే మాట్లాడమని ఇక్కడ నోట్ ఉంది, డియర్. ఆయనకి ఒక మాట చెబుతాంలే."

సాయంత్రం నవీన ఇల్లు చేరేసరికి ఆ ఒక్క మాట ఆమెకన్నా ముందే చేరింది.

"ఫోన్ చేశావంట?" అన్నాడు త్రినాథ్. చెప్పులైనా విప్పనివ్వలేదు.

"అడిగానంతే."

"నన్నడగొచ్చుగా. ఆ డెక్లన్ ఫోన్ చేసి, మీ ఇంట్లో ఏమైనా ఇబ్బందా సార్ అని అడుగుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అన్నయ్యకి చెప్పేశాను. సుగుణ అప్పుడే సెలవు పెట్టేసింది. రేపటి దాకా ఓపిక పట్టు. గడువైపోతే ఇక ఆలోచించే పనే ఉండదు."

కృష్ణ మూర్తి టీవీ శబ్దం తగ్గించాడు. "ఇంట్లో శాంతి ముఖ్యం తల్లీ. మనకేమన్నా తక్కువైందా?"

"ఆ వారమంతా వంట నేనే చెయ్యాలి మామయ్యగారూ" అంది నవీన. అన్న తర్వాత, ఎంత చిన్న కారణం చెప్పానా అనుకుంది. చంద్రకళ నొచ్చుకుంది. "నేను కూర్చుని తింటానా? కూరలు నేనే తరుగుతాగా." ఆ మాటతో అక్కడికక్కడే తీర్పు అయిపోయింది. నవీన సోమరి, నవీన కలుపుగోలు మనిషి కాదు. ఆమె లేచి కుక్కరు పెట్టింది.

అన్నం ఉడుకుతుంటే తన సెలవుల గురించి ఆలోచించింది. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. ఆశ్రితకి ఆటలమ్మ పోసినప్పుడు పది రోజులు. బావగారు వచ్చినప్పుడు వారం. త్రినాథ్ వెన్నునొప్పికి నాలుగు రోజులు. సత్యనారాయణ వ్రతానికి రెండు, అంట్లకీ సర్దుడుకీ ఇంకొకటి. వచ్చే జూలై ఆఖరి వారం కూడా ఆఫీసు సిస్టంలో అప్పుడే నమోదైపోయింది. కాంట్రాక్టు వచ్చిన రోజునే త్రినాథ్ పక్కన నిలబడి పెట్టించాడు. తన కోసమే ఒక్క వారం దొరికితే ఏం చేస్తావని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఎవరూ అడగకపోవడం వల్ల జవాబు లేకుండా పోయిందా, జవాబు లేదనే ఎవరూ అడగలేదా? కుక్కరు మూడు కూతలు వేసింది. ఆమె లెక్క తప్పి నాలుగో కూత దాకా ఆపలేదు.

శనివారం తెల్లవారి చూస్తే, రాత్రి తిరిగి పెట్టిన నీలం ఫైలు ప్రెస్సులో లేదు.

"ఆశ్రితా, ఇక్కడ ఫైలుండాలి, చూశావా?"

"డాడ్ పుట్ ఇట్ ఇన్ ద కార్, మామ్" అంది పదకొండేళ్ళ పిల్ల, సీరియల్ గిన్నెలోంచి తలెత్తకుండా. కాసేపాగి, "ఈజ్ ఇట్ ఎ సీక్రెట్, లైక్?" అంది.

త్రినాథ్ ఆ కారులోనే తల్లిదండ్రుల్ని గ్లెండలాక్ తీసుకెళ్ళాడు. వాళ్ళకి పులిహోర కట్టిచ్చింది నవీనే. సరస్సు చూసుకుని వాళ్ళు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఫారం లేదు, ఆ రోజు గడిచిపోయింది. పడుకోబోతూ త్రినాథ్ ఆమె భుజం తట్టి, "అన్నీ సర్దుకుంటాయిలే" అన్నాడు. గెలిచినవాడు మంచితనం చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ తట్టడం.

ఆదివారం మధ్యాహ్నం శాండీఫర్డ్‌లో పిల్లల తెలుగు క్లాసు. లోపల పిల్లలు గుణింతాలు చదువుతుంటే తల్లులు వసారాలో కూర్చుంటారు. నవీన పక్కనే అపర్ణ కూర్చుంది. వరంగల్‌లో లా చదివిన అపర్ణ దగ్గరి ఊరు బ్రేలో ఒక సొలిసిటర్ ఆఫీసులో పనిచేస్తూ ఇక్కడి పరీక్షలకి చదువుకుంటోంది. ఏమైందక్కా అని ఆమె అడగ్గానే నవీన అంతా చెప్పేసింది. ఇక చేసేదేం లేదన్న ధైర్యంతోనే చెప్పింది.

"ఎవల పేరు మీదున్నది?" అంది అపర్ణ.

"నా పేరు మీదే."

"మీ సారు పేరు యాడన్న ఉన్నదా?"

"లేదు. ఆయనకి అప్పు రాలేదు."

"గట్లయితే మీ సారును అడుగుడెందుకు? కొన్నది నువ్వు. వద్దనేది గూడ నువ్వే. ఆయన సంతకంతోని పనే లేదు. నువ్వు వద్దంటే దానికి ముడిపడ్డ లోను గూడ రద్దయితది."

నవీన ఆ మాట వెంటనే అందుకోలేకపోయింది. ఇంట్లో ఏ కాగితం మీదైనా రెండో సంతకం పెట్టడమే అలవాటు. ఒక కాగితం మీద తాను ఒక్కతే ఉంటుందన్న సంగతి ఆమెకి తట్టనేలేదు. "కాని గడువు నిన్నటితో అయిపోయింది. ఫారం కూడా నా దగ్గర లేదు."

"ఫారం లేకున్నా పర్వాలేదు, తెల్లకాయిదం మీద నాలుగు లైన్లు చాలు. ఆ కాయిదం నీ చేతికొచ్చిందెప్పుడు? సంతకం తారీఖు సంగతి తర్వాత చూద్దం."

నవీన ఫోను తీసి మెయిల్ తెరిచింది. కొన్నది తానే కాబట్టి ప్రతి కాగితమూ ఒక కాపీ ఆమె మెయిల్‌కి వచ్చింది. ఆ కాపీ సంగతి ఫైలు దాచినవాడికి తట్టలేదు, తనకీ తట్టలేదు. కాంట్రాక్టు మీద తేదీ సోమవారం, ఆగస్టు ఇరవై అయిదు. మెయిల్ వచ్చిందీ అదే రోజు. ఎందుకలా జరిగిందో చెప్పింది. అమావాస్య, విదియ, మామగారి పట్టుదల.

అపర్ణ ఫోను అందుకుని ఆ రెండు తేదీలూ చూసింది. తర్వాత నెమ్మదిగా, "సంతకమైన రోజు, కాయిదం చేతికొచ్చిన రోజు, రెండిట్ల ఏది వెనకొస్తే ఆడికెల్లి లెక్క. రేపటిదాక టైమున్నదక్కా. నీ కేసుల పెద్ద సాక్షి మీ మామనే" అంది.

నవీనకి నవ్వు రాలేదు.

"రేపు దాటితే?"

"దాటితే కష్టమే. వాళ్ళు చెప్పాల్సినయి చెప్పలేదని ఫిర్యాదు చెయ్యాలె, కోర్టుకు పోవాలె, అది తెగేది కాదు. అమ్ముదామంటే కొనేటోడు దొరకడు. బయటికి తీస్తమని ఫోన్లు చేసేటోళ్ళుంటరు. ముందే పైసలు తీస్కొని మాయమైతరు. ఆ రోజు నీ కార్డు మీద ఏమన్న గుంజిన్రా?"

"ఫ్లాటు వేరేవాళ్ళకి పోకుండా ఉండడానికని కొంత తీసుకున్నారు."

"ఈ పద్నాలుగు రోజుల్ల ఒక్క సెంటు గూడ తీసుకోవద్దు. అదీ రాయి. పొద్దుగాల మా మేడంను అడిగి నీకు మెసేజ్ పెడ్త. మళ్ళ ఫోన్ చెయ్యకు, రాసుడే. ఈమెయిల్ పంపు, రిజిస్టర్డ్ పోస్టు గూడ చెయ్యి. పంపిన రోజే లెక్క, వాళ్ళకు ముట్టిన రోజు గాదు. ఇంకొకటి, కారణం రాయకు. చట్టం అడగలే. నువ్వెందుకు చెప్పాలె?"

ఆ రాత్రి గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాటే నవీన చెవిలో తిరిగింది. కారణం రాయకు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో కారణం చెప్పకుండా ఆమె దేన్నీ కాదనలేదు. గుడికి రానంటే నెలసరి అనాలి. ఫోను ఎత్తకపోతే మీటింగులో ఉన్నాననాలి. పక్కమీద వద్దంటే తలనొప్పి అనాలి. ప్రతి కాదుకీ ఒక మందుచీటీ జతపరచాలి. ఆ చీటీ చదివి ఇది సరిపోదంటారు. అప్పుడు అవునని చెయ్యాలి. ఒక్క కారణం కూడా చెప్పకుండా వద్దనే హక్కు ఈ లోకంలో ఉందని, అది అచ్చులో కూడా ఉందని, ఒక సేల్స్ కంపెనీ ఆఖరి పేజీ ఆమెకి చెప్పింది.

సోమవారం పది గంటలకి అపర్ణ మెసేజ్ వచ్చింది. మేడం కూడా అదే చెప్పిన్రు. ఇయ్యాళ పంపు.

నాలుగు లైన్లు టైపు చెయ్యడానికి నవీనకి అరగంట పట్టింది. కారణం రాసి చెరిపింది. క్షమించండి అని రాసి చెరిపింది. చివరికి ఏ కాంట్రాక్టు, ఏ తేదీన చేతికి వచ్చింది, దాన్నుంచి ఉపసంహరించుకుంటున్నాను, కార్డు మీద తీసుకున్నది తిరిగివ్వండి. అంతే మిగిలింది. రెండున్నరకి ఈమెయిల్ పంపింది. కాగితం అచ్చు తీసి సంతకం చేసి కవరులో పెట్టింది. పోస్టాఫీసు అయిదున్నరకి మూసేస్తారు.

మూడింటికి క్లయింటుకి డెమో. మేనేజరు లోకేశ్ నవీన కనిపెట్టిన తప్పుల్ని తెరమీద చూపిస్తూ "మేము గమనించినవి" అన్నాడు. అది ఎప్పుడూ ఉండేదే. నాలుగున్నరకి అయిపోవాల్సింది అయిదయినా సాగుతోంది. "నవీనా, మినిట్స్ ఎప్పటిలా నీవే కదా. ఈ రోజే పంపేద్దాం. అలాగే అందరికీ పిజ్జాలు కూడా చెప్పెయ్, నీకైతే ఎవరేం తింటారో తెలుసు."

అయిదూ ఏడు. ఫోను బల్లమీద వణికింది. త్రినాథ్. కాసేపాగి మళ్ళీ త్రినాథ్. అంటే కంపెనీవాళ్ళు మెయిల్ చదివి అతనికి చెప్పారన్నమాట.

నవీన లేచి నిలబడింది. "మినిట్స్ ఈ సారి మీరు రాసుకోండి లోకేశ్" అంది. ఎందుకని అతను అడిగేలోపే కోటు తీసుకుంది.

పోస్టాఫీసులో ఆమె ముందు అయిదుగురు ఉన్నారు. ఒక ముసలాయన చిల్లర సెంట్ల సంచి విప్పి కౌంటరు మీద పోశాడు. గడియారం అయిదూ ఇరవై రెండు చూపిస్తోంది. ఫోను నాలుగోసారి వణికి ఆగింది. ముసలాయన సెంట్లు మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. నవీన వంతు వచ్చేసరికి వెనకాల ఒకతను తలుపు బోర్డు తిప్పేశాడు. కౌంటర్ వెనకావిడ కవరు మీద నెంబరు అంటించి, ముద్ర వేసి, రసీదు ఇచ్చింది. తేదీ స్పష్టంగా పడింది. ఎనిమిది, సెప్టెంబరు. "యూ ఆర్ గ్రాండ్ నౌ" అంది ఆవిడ.

బయటికొచ్చి ఫోను ఎత్తింది.

"ఏం చేశావు నువ్వు?" త్రినాథ్ గొంతు అరుస్తున్నట్టు లేదు. భయపడుతున్నట్టుంది. "సరే విను. డెక్లన్‌తో మాట్లాడాను. ఇవాళే ఒక్క లైను మెయిల్ పెడితే చాలంట. పొరపాటున పంపానని. వాళ్ళు అసలు చూడనట్టే ఉంటారు. నేనే టైపు చేసి నీకు పంపుతా, నువ్వు నొక్కు చాలు."

కాలువ మీంచి చలిగాలి కొట్టింది. ఎవరో టైపు చేస్తారు, తను నొక్కితే చాలు. ఇన్నాళ్ళూ జరిగింది అదే. ఆ ఒక్క నొక్కుతో ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి మామూలుగా వంట చేసుకోవచ్చు. మామగారు టీవీ శబ్దం పెంచుతారు, అత్తగారు వత్తులు చేసుకుంటుంది, ఎవరూ మొహం చాటెయ్యరు. ఆ ఒక్క సాయంత్రం ఖరీదు పాతికేళ్ళు.

"పొరపాటు కాదండీ" అంది నవీన.

"మరి ఎందుకు చేశావో చెప్పు."

ఆమె నోటిదాకా కారణాలు వచ్చాయి. అప్పు, వంట, పన్నెండు మంది, కారులో దాచిన ఫైలు. అన్నీ నిజాలే. ఒక్కొక్కటీ ఆయన విని ఇది సరిపోదనగలడు. "ఇంటికొస్తున్నాను" అని ఫోను పెట్టేసింది.

ఇంట్లో ఎవరూ అరవలేదు. చంద్రకళ కళ్ళు ఒత్తుకుంది. "అందరికీ చెప్పేశాం కదమ్మా. ఇప్పుడేమని చెప్పను?" కృష్ణ మూర్తి తను వేయించిన తారీఖే ఇంత పని చేసిందని విని టీవీ కట్టేశాడు. ఆశ్రిత మెట్ల మీద నుంచి తల్లి మొహం చూసి, ఏమనుకుందో కిందికొచ్చి ప్లేట్లు తీసి బల్లమీద పెట్టింది.

భోజనాలయ్యే వేళకి త్రినాథ్ సర్దుకున్నాడు. ఓడిపోయాక దారి మార్చుకోవడం అతనికి చేతనవును. "సరే, అయిందేదో అయింది. అన్నయ్యతో మాట్లాడాను. ఏప్రిల్‌లో ఇక్కడికే వస్తారంట, మనింట్లోనే ఉంటారు. ఖర్చు కూడా కలిసొస్తుంది. నువ్వు ఆ జూలై సెలవు క్యాన్సిల్ చేసి ఏప్రిల్‌కి మార్చుకో. ఇప్పుడే చేసెయ్, మర్చిపోతావు."

చంద్రకళ మొహం తేటపడింది. "ఇదీ బాగానే ఉంది. పెద్ద కుక్కరు మోసుకెళ్ళే పనుండదు."

నవీన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. కాంట్రాక్టు పోయింది. ఆ వారం పోలేదు. అది మళ్ళీ కొత్త దారిన తన వంటింట్లోకే నడిచొస్తోంది. ఈసారి పద్నాలుగు రోజుల గడువు ఎవరూ ఇవ్వరు. ముద్ర వేసిన రసీదు కూడా ఉండదు.

"మార్చను" అంది.

"అదేంటి? జూలైలో ఇంకెవరొస్తున్నారని?"

"ఎవరూ రావట్లేదు. నేను వెళ్తున్నాను."

త్రినాథ్ ఆమెని చూశాడు. భార్యని కాదు, ఎదురుగా కూర్చున్న ఒక మనిషిని చూసినట్టు. ముందుగా తేరుకున్నది చంద్రకళే. ఆవిడ గొంతులో కోపం లేదు. తనకీ తెలియని దేన్నో అడుగుతున్నట్టుంది.

"ఒక్కదానివే ఎక్కడికెళ్తావమ్మా?"

"ఇంకా అనుకోలేదండీ" అంది నవీన.